సంపుటాల సెట్టులో ఏ ముద్రణ మంచిదో తేల్చుకోవడం ఎలా

తిరుపతిలో పుస్తకాలు పోగేసేవాళ్లను ఎవరినైనా "భారతం సెట్టు కొందామనుకుంటున్నా, పాత ముద్రణ తీసుకోనా, కొత్తదా?" అని అడిగి చూడండి, ఆలోచించకుండానే జవాబు చెప్పేస్తారు. పాతదే మేలు, అప్పటి పనితనం వేరు అని కొందరు, పాతది ముట్టుకుంటే పొడి రాలుతుంది కొత్తదే కొనుక్కో అని కొందరు. నేను కూడా చాలా ఏళ్లు ఇలాగే చెప్పాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే "ఏ సంపుటం?" అని ఎదురు అడుగుతున్నా.

ఎందుకంటే పది పదిహేను సంపుటాల సెట్టు ఒక్కసారిగా, ఒక్క ప్రెస్సులో, ఒకే రకం కాగితం మీద అచ్చవడం చాలా అరుదు. పని ఏళ్ల తరబడి సాగుతుంది. పైగా కొనేవాళ్లు ముందు ఆదిపర్వం కొంటారు, ఉత్సాహం ఉన్నంత వరకు సభాపర్వం, అరణ్యపర్వం దాకా వస్తారు, శాంతిపర్వం, ఆనుశాసనికం దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఆగిపోతారు. దాంతో మొదటి సంపుటం అయిపోయి మళ్లీ అచ్చు వేయాల్సి వస్తుంది, చివరివి మొదటి ముద్రణ ప్రతులే గోడౌన్‌లో మిగిలి ఉంటాయి. మీరు ఈరోజు కొత్త సెట్టు అని కొన్నదాంట్లో మొదటి సంపుటం మూడో ముద్రణ, తొమ్మిదోది మొదటి ముద్రణ అయి ఉండొచ్చు. ఒకే రకం అట్ట, ఒకే రంగు, వీపు మీద ఒకే బంగారు అక్షరాలు ఉంటాయి కాబట్టి అల్మరాలో చూస్తే తేడా తెలియదు, తెరిస్తే తెలుస్తుంది. కాబట్టి పోలిక అంటూ మొదలుపెడితే సెట్టుకీ సెట్టుకీ మధ్య కాకుండా, నాలుగో సంపుటానికీ నాలుగో సంపుటానికీ మధ్య పెట్టుకోవాలి.

ఇది నాకు తెలిసిన తీరు చెబుతాను. చిత్తూరులో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారి ఇంట్లో పాత సెట్టు ఉందంటే వెళ్లి కొన్నా. నాలుగో సంపుటం లేదు. సరే, అదొక్కటీ కొత్తది తెప్పించుకుందామని ఒక ప్రచురణ సంస్థకు డబ్బు కట్టి తెప్పించి, పక్కన పెట్టి చూస్తే కొత్తదే బాగున్నట్టు అనిపించింది, అక్షరాలు నల్లగా, లావుగా, కాగితం తెల్లగా ఉంది. ఆ సంతోషం చదవడం మొదలుపెట్టే దాకానే. "కంఠము" అని ఉండాల్సిన చోట "కంరము" కనిపించింది, "విషము" చోట "విపము". ఇవి అచ్చుతప్పులేమో అనుకుని పుస్తకం తీసుకుని మళ్లీ చిత్తూరు వెళ్లి మాస్టారికి చూపించా. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "నలుపు చూసి మోసపోవద్దు నాయనా, లోపల తెలుపు ఉండాదా లేదా చూడు" అన్నారు. అచ్చు నాణ్యత గురించి నేను విన్న మాటల్లో ఇంతకంటే పనికొచ్చేది లేదు. దాని సంగతి కింద వివరంగా రాస్తాను, దానికి ముందు చేసుకోవాల్సిన పని ఒకటుంది.

చేతిలో ఉన్నది ఏ ముద్రణో తేల్చుకోండి

టైటిల్ పేజీ వెనక పేజీ తెరవండి. ప్రథమ ముద్రణ, పునర్ముద్రణ, ప్రతులు, వెల, ముద్రణాలయం పేరు అన్నీ అక్కడే ఉంటాయి, కొన్ని పాత పుస్తకాల్లో ప్రెస్సు పేరు మాత్రం ఆఖరి పేజీ అడుగున ఉంటుంది. అచ్చు వేసినవాళ్ల పేరూ ఊరూ పుస్తకం మీద వేయాలని, 2024 దాకా అమల్లో ఉన్న 1867 నాటి చట్టంలోనే ఉండేది, అందుకని ఎంత పాత పుస్తకంలోనైనా ఇది ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఒకే సెట్టులో ఆరు సంపుటాలు ఒక ప్రెస్సులో, మిగతావి ఇంకో ప్రెస్సులో వేసిన సంగతి మీకు ఇక్కడే బయటపడుతుంది. ప్రతి సంపుటానికీ ఈ పేజీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

పీఠిక చివర ఉన్న తేదీని నమ్మొద్దు. పాత పుస్తకాన్నే ఫొటో తీసి అచ్చు వేసినప్పుడు పీఠిక, దాని కింది తేదీ, ఒక్కోసారి పాత టైటిల్ పేజీ కూడా ఉన్నవి ఉన్నట్టే వచ్చేస్తాయి. అలాంటప్పుడు చిన్న చిన్న ఆనవాళ్లు పట్టుకోవాలి. వెల అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందుది, నయాపైసలు అని ఉంటే 1957 నుంచి 1964 మధ్యది అనుకోవచ్చు. చిరునామాలో ఆరంకెల పిన్ కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాత వేసిన పేజీయే, ఎందుకంటే పిన్ కోడ్ మొదలైందే ఆరోజు. మద్రాసు బదులు చెన్నై అని ఉంటే 1996 తర్వాతది. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) పదమూడు అంకెలుంటే 2007 నుంచి, పది అంకెలుంటే దానికి ముందు. మన ఊరి సంగతికొస్తే, తిరుపతి చిరునామా కింద చిత్తూరు జిల్లా బదులు తిరుపతి జిల్లా అని ఉంటే 2022 ఏప్రిల్ తర్వాత వేసిన పేజీ. పాతవాటిలో కొన్నిట్లో తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటుంది, క్రోధి అని ఉంటే అది 1964-65 కావచ్చు, 2024-25 కావచ్చు, అరవై ఏళ్ల తేడా కాబట్టి కాగితం చూస్తేనే చెప్పేయొచ్చు.

పునర్ముద్రణ అనే మాట కింద కనీసం రెండు వేరు వేరు పనులు దాక్కుని ఉంటాయి. ఒకటి మొత్తం మళ్లీ కంపోజ్ చేయడం, అంటే అక్షరాలన్నీ కొత్తగా పేర్చడమో, టైపు చేయడమో. రెండోది ఉన్న పేజీలనే ఫొటో తీసో, స్కాన్ చేసో అచ్చు వేయడం. ఏది జరిగిందో తెలుసుకోవడం తేలిక: రెండు ప్రతుల్లో ఒకే పేజీ తెరిచి కుడి అంచున ప్రతి లైను ఏ మాటతో, ఏ అక్షరంతో ముగుస్తోందో చూడండి. పేజీ మొత్తం లైన్లు అవే మాటల దగ్గర విరిగితే ఇది అదే అచ్చు. ఇంకా అనుమానంగా ఉంటే పాత ప్రతిలో తలకట్టు విరిగిన అక్షరం ఒకటి వెతికి పట్టుకుని కొత్తదాంట్లో అదే చోట చూడండి. అక్కడా అలాగే విరిగి ఉంటే పాతదాన్ని ఫొటో తీశారన్నమాటే. సీసపు టైపుతో అచ్చు వేసే రోజుల్లో పని అయిపోగానే అక్షరాలు విడదీసి తిరిగి వాటి గళ్ల పెట్టెలో వేసేసేవాళ్లు కాబట్టి, మళ్లీ కంపోజ్ చేస్తే అదే విరిగిన అక్షరం అదే చోటికి రావడం జరగదు.

ఒకే పద్యం, ఒకే వెలుతురు

పేజీ నంబర్లు పట్టుకుని పోల్చకండి, ముద్రణ మారితే అవి మారిపోతాయి. భారతమైతే పర్వం, ఆశ్వాసం, పద్య సంఖ్య రాసుకోండి. అన్నమయ్య సంకీర్తనల సంపుటాలైతే ఇంకా సుఖం, ఆ పాటలన్నీ రాగిరేకుల మీద చెక్కి దొరికినవి కాబట్టి రేకు నంబరు ఉంటుంది, ఏ ముద్రణలోనైనా ఆ నంబరుతో పాటను పట్టుకోవచ్చు.

ప్రతి సంపుటంలో మూడు చోట్లు చాలు. మొదటి పేజీలు వద్దు, అక్కడ ఎవరైనా జాగ్రత్తగానే పనిచేస్తారు. మధ్యలో ఒక వచనం పేజీ, అక్షరాలు కిక్కిరిసి ఉన్నది. చివరి పావు భాగంలో ఒక సీస పద్యం. మూడోది తప్పనిసరిగా అధోజ్ఞాపికలు (పేజీ అడుగున ఇచ్చే వివరణలు) గానీ, టిప్పణి గానీ ఉన్న పేజీ, చిన్న టైపు ఉండాలి. పెద్ద టైపులో దాగిపోయే లోపాలన్నీ చిన్న టైపులో బయటికొస్తాయి. నాకు ఒక్క పేజీ చూసే టైమే ఉంటే ఆ అధోజ్ఞాపికల పేజీ ఒక్కటే చూస్తాను.

పొద్దున తొమ్మిదిలోపు కిటికీ పక్కన కూర్చుని రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఒకదాన్ని ట్యూబులైటు కింద కొట్లో, ఇంకోదాన్ని ఇంట్లో పసుపు బల్బు కింద చూసి పోలిస్తే ఆ పోలికకు విలువ లేదు. ఎండ నేరుగా పడినా కష్టమే, మన ఏప్రిల్, మే ఎండకు తెల్ల కాగితం కళ్లు చెదరగొడుతుంది, సన్నగా అచ్చయిన అక్షరం కూడా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఒక భూతద్దం కొనుక్కోండి, పది రెట్లు పెద్దగా చూపించేది చాలు, నగల పనివాళ్లు కంటికి పెట్టుకునే రకం.

అక్షరం లోపలి తెలుపు

మాస్టారి మాటకు వద్దాం. తెలుగు అక్షరం గుండ్రటిది, దాని కడుపులో ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో ఒక చుక్కో, చిన్న గీతో పెడితే ఇంకో అక్షరం అవుతుంది. ర లోపల చుక్క పెడితే ఠ. ధ లోపల చుక్క పెడితే థ. ప లోపల గీత పెడితే ష. ద కింద చిన్న చీలిక లాంటి గీత ఉంటే ధ, చ కి అదే పెడితే ఛ, డ కి పెడితే ఢ, ప కి పెడితే ఫ. ఇంగ్లీషు అక్షరం కాస్త పూడుకుపోయినా చదివేయొచ్చు, మన అక్షరం పూడుకుపోతే మాటే మారిపోతుంది.

అందుకని పరీక్షకు కొన్ని మాటలు పెట్టుకోండి: కంఠము, పీఠము, కథ, నిధి, విషము, గాఢము, ఫలము. భారతంలో ఇవి వెతుక్కోవాల్సిన పని లేదు, నాలుగు పేజీలు తిప్పితే రెండు మూడు తగులుతాయి. భూతద్దం పెట్టి చుక్క చుట్టూ తెల్లటి వలయం ఉందా, ఒత్తు గీత అక్షరం నుంచి విడిగా కనిపిస్తోందా అని చూడండి. సిరా ఎక్కువైతే ఈ తెలుపు పూడుకుపోతుంది. తక్కువైతే చుక్కే ఎగిరిపోతుంది. రెండూ తప్పే, అయితే కారణాలు వేరు. పూడుకుపోవడం ఎక్కువగా ఫొటో తీసి వేసిన ముద్రణల్లో కనిపిస్తుంది: పాత కాగితం మీద సిరా అప్పటికే కొంచెం పాకి ఉంటుంది, దాన్ని ఫొటో తీసి నల్లగా రావాలని ఇంకాస్త ముదురు చేస్తారు, ప్రతి మెట్టులోనూ గీత లావెక్కుతుంది. నా నాలుగో సంపుటంలో జరిగింది ఇదే. అది చూడగానే నల్లగా, నిండుగా ఉండి ఆకట్టుకుంటుంది, మోసం అక్కడే ఉంది.

అరసున్నల సంగతి ఇంకా సున్నితం. కావ్యాలు కొనేవాళ్లు దీన్ని తప్పక చూడాలి. పాత ముద్రణల్లో అరసున్న సన్నటి అర్ధచంద్రాకారంలో ఉంటుంది. ఫొటో ముద్రణలో అది చాలాసార్లు మాయమవుతుంది, లేదా పూడుకుపోయి నిండు సున్నలా కనిపిస్తుంది. మాయమైతే అర్థానికి పెద్దగా దెబ్బ లేదు. నిండు సున్న అయితే మాత్రం ఛందస్సు పాడవుతుంది. "అతఁడు" మూడూ లఘువులు, "అతండు" అయితే మధ్యది గురువు, గణమే మారిపోయింది. పద్యం చదువుతూ ఎక్కడో కాలు జారినట్టు అనిపిస్తే అక్కడ భూతద్దం పెట్టి చూడండి. ప్రాస కూడా ఇలాగే సాయం చేస్తుంది, వృత్తంలో నాలుగు పాదాల్లో రెండో అక్షరం ఒకే హల్లు ఉండాలి కదా, మూడు పాదాల్లో ధ ఉండి ఒకదాంట్లో ద ఉంటే అక్కడ ఒత్తు ఎగిరిపోయిందని నమ్మకంగా చెప్పొచ్చు. అచ్చు నాణ్యత చూడటానికి ఇంత మంచి కొలబద్ద పద్యంలోనే ఉంది.

మళ్లీ కంపోజ్ చేసిన కొత్త ముద్రణల్లో ఈ పూడికలు ఉండవు. కంప్యూటర్ అక్షరం ఎప్పుడూ పదునుగానే ఉంటుంది. అక్కడ చూడాల్సినవి వేరు. అరసున్నలు మొత్తం తీసేశారా, బండి ఱ ని మామూలు ర చేసేశారా చూడండి. ఏఱు అంటే నది, ఏరు అంటే ఏరుకోవడం, ఈ తేడా చెరిపేసిన ముద్రణ ఎంత తళతళలాడినా కావ్యం చదువుకునేవాడికి కొంచెం నష్టమే. ఒక రకం ఫాంటులో టైపు చేసిన ఫైలును ఇంకో రకంలోకి మార్చినప్పుడు ఒత్తులు పక్క అక్షరం కిందికి జరిగిపోవడం కూడా చూస్తుంటాం. క్ష్మ, త్స్య, స్త్ర లాంటి మూడు హల్లుల సంయుక్తాక్షరాలు నాలుగు చోట్ల చూస్తే ఆ జాగ్రత్త తీసుకున్నారో లేదో తెలిసిపోతుంది. ఇది అచ్చు లోపం కాదు, ప్రూఫ్ లోపం అని ఎవరైనా అనొచ్చు. చదివేవాడికి రెండూ ఒకటే, మీ నోట్‌బుక్‌లో మాత్రం విడిగా రాసుకోండి.

వేలితో చూడటం

పేజీ వెనక వైపు వేలు మెల్లగా జరపండి. గుచ్చుకుంటున్నట్టు చిన్న గరుకు తగిలితే అది లెటర్ ప్రెస్సు, సీసపు అక్షరాలు కాగితాన్ని నొక్కిన గుర్తు. వేలికి తెలియకపోతే గదిలో లైటు ఆపి ఫోన్ టార్చిని పేజీకి పక్క నుంచి, దాదాపు కాగితానికి ఆనించినట్టు పెట్టి చూడండి, బుడిపెలు నీడలతో కనిపిస్తాయి. భూతద్దంలో లెటర్ ప్రెస్సు అక్షరానికి అంచున సిరా కాస్త ముదురుగా ఉంటుంది, నొక్కినప్పుడు పక్కలకు జరిగింది కాబట్టి. ఆఫ్‌సెట్‌లో ప్లేటు మీది అచ్చు రబ్బరు మీదుగా కాగితానికి ఎక్కుతుంది, అందుకని అక్షరం అంతా ఒకే నలుపు, కాగితం నున్నగా ఉంటుంది. ఈ మధ్య కొద్ది ప్రతులే కావాలన్నప్పుడు డిజిటల్ మెషిన్ మీద వేస్తున్నారు, దానిలో అక్షరాల చుట్టూ మిరియపు పొడి చల్లినట్టు సన్నటి నల్ల చుక్కలు కనిపిస్తే, వాలుగా పట్టుకుంటే అక్షరం మెరిస్తే, అది టోనరు, అంటే పొడి సిరా.

అక్షరాలు చూస్తే లెటర్ ప్రెస్సువి, ఒకటి కాస్త పైకి ఒకటి కిందికి ఉన్నాయి, అరిగినవి కనిపిస్తున్నాయి, కాగితం మాత్రం వెనక నున్నగా ఉంది అంటే అది పాతదాన్ని ఫొటో తీసి ఆఫ్‌సెట్‌లో వేసింది. అమ్మేవాళ్లు ఒరిజినల్ మొదటి ముద్రణ అని చెప్పి ఎక్కువ ధర అడిగితే ఈ ఒక్క పరీక్ష మీ డబ్బు కాపాడుతుంది.

లెటర్ ప్రెస్సు అంటే చాలు గొప్ప అనుకోకండి. సీసం, తగరం, ఆంటిమొనీ కలిపి పోసిన అక్షరాలు వాడగా వాడగా అరిగిపోతాయి, బాగా అరిగిన టైపుతో వేసిన సంపుటాలు ఉన్నాయి, వాటిలో తలకట్లు సగం సగమే ఉంటాయి. ఒక సంపుటం కొత్త టైపుతో, దాని తర్వాతది అరిగిన టైపుతో వచ్చిన సెట్టు నా దగ్గరే ఉంది.

ఒక సంపుటంలోనే తేడాలు ఉంటాయి కూడా. పుస్తకం పేజీ పేజీగా అచ్చవదు, ఫారం ఫారంగా అచ్చవుతుంది, మన దగ్గర మామూలుగా ఫారం అంటే 16 పేజీలు. సిరా ఒక ఫారానికి సరిగా పడి ఇంకోదానికి పలచబడొచ్చు. 16-17, 32-33, 48-49 పేజీల దగ్గర తెరిచి ఎడమ పేజీ, కుడి పేజీ పోల్చి చూడండి, తేడా ఉంటే అక్కడే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది (ముందున్న పీఠిక పేజీలకు వేరే నంబర్లు ఉంటే లెక్క కొంచెం జరుగుతుంది, పాత పుస్తకాల్లో ఫారం మొదటి పేజీ అడుగున చిన్న అంకె ఉంటుంది, దాన్ని పట్టుకోండి). అందుకే మూడు చోట్ల చూడమన్నాను, ఒక్క పేజీ చూసి సంపుటం బాగుందనడం అన్నం మెతుకు పట్టి చూసినట్టు కాదు, ఇక్కడ ప్రతి ఫారమూ వేరే గిన్నె.

కాగితం

ముందు ఇది చెప్పాలి: తెల్లగా ఉంటే మంచి కాగితం అనుకోవద్దు. తెల్లదనం కోసం కాగితంలో మెరుపు రసాయనాలు కలుపుతారు. నకిలీ నోట్లు చూసే నీలం లైటు కింద పెడితే అలాంటి కాగితం నీలంగా వెలుగుతుంది, పాత కాగితం డల్‌గా ఉండిపోతుంది. ఈ లైటు వల్ల ఇంకో లాభం కూడా ఉంది, పాత పుస్తకంలో పోయిన పేజీలను జిరాక్స్ తీసి కలిపి మళ్లీ బైండు చేసి ఉంటే ఆ పేజీలు మాత్రమే వెలుగుతాయి.

బరువు తెలుసుకోవడానికి వంటింటి డిజిటల్ తూకం సరిపోతుంది. డెమ్మీ సైజు పుస్తకం పేజీ దాదాపు 14 సెంటీమీటర్ల వెడల్పు, 21.5 పొడవు ఉంటుంది. 500 పేజీలంటే 250 కాగితాలు, మొత్తం వైశాల్యం సుమారు ఏడున్నర చదరపు మీటర్లు. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు) మ్యాప్‌లితో రకం కాగితం అయితే కాగితం బరువు 525 గ్రాముల చుట్టుపక్కల రావాలి, 60 అయితే 450. పేపర్ బ్యాక్ పుస్తకాలకు ఇది బాగా పనిచేస్తుంది, గట్టి అట్ట ఉంటే అట్టల బరువు వల్ల లెక్క తప్పుతుంది, అప్పుడు ఒకే రకం అట్ట ఉన్న రెండు ప్రతులను పోల్చుకోండి. లావు చూసి మాత్రం కాగితం మంచిదనుకోవద్దు, ఉబ్బుగా ఉండి బరువు లేని కాగితం ఉంటుంది, పుస్తకం లావుగా కనిపించడానికి వాడతారు.

వెనక పేజీ అక్షరాలు ఇటు కనిపిస్తున్నాయా అన్నది చదివే సుఖాన్ని అన్నిటికంటే ఎక్కువ పాడుచేసే విషయం. పేజీ కింద ఒక నల్ల కాగితం పెట్టండి. కనిపిస్తున్న అక్షరాలు మసకబారి పోతే కాగితం పలచన అని అర్థం, చదివేటప్పుడు నల్ల కాగితం పెట్టుకుని నెట్టుకురావచ్చు. నల్ల కాగితం పెట్టినా అలాగే కనిపిస్తుంటే సిరా కాగితంలోకి ఇంకిపోయింది, దానికి మందు లేదు.

కాగితాన్ని వీపుకు సమాంతరంగా మెల్లగా వంచి చూడండి, తర్వాత అడ్డంగా. నిలువుగా వంచినప్పుడు తేలిగ్గా వంగాలి. అడ్డంగానే తేలిగ్గా వంగుతుంటే కాగితంలోని నార వీపుకు అడ్డంగా, ఎదురు తిరిగి ఉందన్నమాట, అలాంటి పుస్తకం తెరిస్తే పరుచుకోదు, చెమ్మ తగిలితే వీపు దగ్గర అలలు అలలుగా లేస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. పుస్తకం దాచుకోవడంలో వచ్చిన పాడును అచ్చు ఖాతాలో వేయకండి. 2021 నవంబర్ వానలకు తిరుపతి మునిగినప్పుడు మా ఇంట్లో కింది అరలో ఉన్న రెండు సంపుటాలకు చెమ్మ పట్టింది, నీళ్లు తగల్లేదు, గాలిలో చెమ్మే. పేజీలు వంకర తిరిగాయి, అంచుల్లో గోధుమ రంగు చుక్కలు వచ్చాయి. అదే ముద్రణ ప్రతి ఒకటి మదనపల్లెలో తెలిసినవాళ్ల ఇంట్లో చూస్తే నిగనిగలాడుతోంది. అంచులు పసుపు పచ్చగా ఉండి పేజీ మధ్య భాగం తెల్లగా ఉంటే అది గాలి, వెలుతురు చేసిన పని. మధ్య భాగం కూడా అంచులంతే రంగు మారి ఉంటే, మూల మడిస్తే పుటుక్కున విరిగితే, కాగితమే నాసిరకం.

కుట్టు, మార్జిన్లు

పుస్తకాన్ని నిలబెట్టి పై నుంచి వీపు చూడండి. చిన్న చిన్న మడతలు వరసగా పక్కపక్కనే కనిపిస్తే ఫారాలు మడిచి కుట్టినది, మడతలు లేకుండా కాగితాలన్నీ తిన్నగా గమ్‌లోకి దిగి ఉంటే గమ్ బైండింగ్. ఎనిమిది వందల పేజీల సంపుటానికి గమ్ బైండింగ్ చేస్తే రెండు మూడు ఎండాకాలాలకు గమ్ ఎండి పేజీలు చేతిలోకి వస్తాయి. పాత ప్రతి మళ్లీ బైండు చేయించింది అయితే స్కేలు పెట్టి మార్జిన్లు కొలవండి, బైండరు అంచులు సాపు చేసేటప్పుడు పై శీర్షికను కోసేసిన ప్రతులు చాలా చూశాను. బొమ్మల పేజీల మీద బట్టలో నేతలాంటి అలలు కనిపిస్తే, అచ్చయిన బొమ్మను మళ్లీ స్కాన్ చేసి వేశారు.

దూరం నుంచి కొనేటప్పుడు

అమ్మేవాళ్లను నాలుగు ఫొటోలు అడగండి: టైటిల్ పేజీ వెనక పేజీ, అధోజ్ఞాపికలున్న పేజీ నిటారుగా పై నుంచి తీసినది పక్కన స్కేలుతో, ఒక పేజీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని తీసినది, పుస్తకం వీపు పై నుంచి తీసినది. ప్రతి సంపుటానికీ ఈ నాలుగూ కావాలని ముందే చెప్పండి, లేకపోతే మొదటి సంపుటానివి మాత్రమే పంపుతారు, అది ఎప్పుడూ బాగానే ఉంటుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గిపోయి అక్షరాలు అలుక్కుపోతాయి, డాక్యుమెంట్‌గా పంపమనండి. ఇంటర్నెట్‌లో దొరికే పాత పుస్తకాల పీడీఎఫ్‌లు పాఠం పోల్చుకోవడానికి బంగారం లాంటివి, అచ్చు నాణ్యత చూడటానికి మాత్రం పనికిరావు, వాటిలో చాలావరకు తెలుపు నలుపు రెండే రంగుల్లో స్కాన్ చేసినవి, సిరా ఎంత ముదురో, కాగితం ఎలా ఉందో అందులో మిగలదు.

చూసిందంతా ఒక నోట్‌బుక్‌లో సంపుటానికి ఒక పేజీ చొప్పున రాసుకోండి. పదికి ఏడు, పదికి ఎనిమిది అని మార్కులు వేయకండి, ఆరు నెలల తర్వాత ఆ ఏడు ఎందుకు వేశారో గుర్తుండదు. "ఠ చుక్కలు స్పష్టం, అధోజ్ఞాపికలు పలచన, 97-112 ఫారం వెలిసింది, కుట్టు గట్టి" అని మాటల్లో రాయండి. రెండో ప్రతి కొట్లో కనిపించినప్పుడు ఆ 97వ పేజీ తెరిచి చూస్తే చాలు, కొనాలో వద్దో రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

అన్నీ తేలాక సెట్టు ఒకే ముద్రణలో ఉండాలన్న పట్టుదల నేను వదిలేశాను. చదువుకోవడానికైతే ప్రతి సంపుటానికీ అక్షరం లోపల తెలుపు బాగా ఉన్న ప్రతే ఉంచుకుంటాను, కాగితం కాస్త రంగు మారినా పర్వాలేదు, వీపుల రంగులు కలవకపోయినా పర్వాలేదు. ఈ లెక్కన నా అల్మరాలో ఇప్పుడు మొదటి మూడు లెటర్ ప్రెస్సువి, అయిదు నుంచి ఎనిమిది దాకా మళ్లీ కంపోజ్ చేసిన ఆఫ్‌సెట్‌వి, మిగతావి మాస్టారి సెట్టులోవి. నాలుగో సంపుటం ఇంకా ఆ నల్లటి ఫొటో ముద్రణే. దాంట్లో తప్పుగా కనిపించే చోటల్లా పక్కన పెన్సిల్‌తో సరైన అక్షరం రాసి పెట్టాను, నల్లటి ఠ పక్కన సన్నటి పెన్సిల్ ఠ, మంచి ప్రతి దొరికే దాకా అలాగే చదువుకుంటాను.